ఆరు సీసాల అనాస పచ్చడి

మా బైండింగు షాపులో ఎవరి పనిలో తేడా వచ్చినా మా పిన్ని అనే మాట ఒకటే: "పచ్చడి చేసేస్తాను." ఇరవై ఏడేళ్ళుగా అంటోంది, ఇంతవరకూ ఎవరినీ చేసింది లేదు. మా అమ్మ చెల్లెలు కాబట్టి నాకు పిన్ని, మిగతావాళ్ళకు సూదమ్మ. పుస్తకం ఫారాలను, అంటే పదహారేసి పేజీల మడతలను, వరసగా పేర్చి దారంతో కుట్టడం ఆవిడ పని. దారం కొస నాలుకమీద తడిపి ఒక్క దెబ్బకు సూదిలోకి ఎక్కిస్తుంది. ఆవిడ కుట్టిన పుస్తకాన్ని చింపాలని చూస్తే చింపేవాడే అలిసిపోవాలి.

అలాంటి పిన్నికి జ్వరం వచ్చింది. వారానికి తగ్గింది గానీ, పోతూ పోతూ రుచినీ వాసననూ వెంట పెట్టుకుపోయింది. ఆవిడ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మేం కనిపెట్టింది కూడా ఒక దిక్కుమాలిన పొరపాటు వల్ల.

మా షాపులో మైదా జిగురు పొద్దున్నే ఉడికించి, చల్లారాక వెడల్పు మూతి సీసాల్లో పోసి బల్లలమీద పెడతాం. కాగితాలు కోసే మిషను నడిపే ఆయన, వరసకేమీ కాకపోయినా అందరికీ మామయ్య, ఒకరోజు అలాంటి సీసాలోనే ఇంటినుంచి మీగడ తెచ్చాడు. మధ్యాహ్నం పిన్ని రొట్టెకు దళసరిగా పట్టించి, సగం తిని పక్కన పెట్టి, "మీగడ బాగుంది" అంది.

"నేనింకా మూతే తియ్యలేదమ్మా," అన్నాడు మామయ్య.

అందరం జిగురు సీసా వైపు చూశాం. అదృష్టం బాగుండి ఆ రోజు అందులో ఇంకా పురుగుల మందు కలపలేదు. పిన్ని మూతి తుడుచుకుని నిజం ఒప్పుకుంది. "రొట్టె నమిలినా అట్ట నమిలినా ఒకటే. అందుకే తినబుద్ధి కావట్లేదు."

అప్పటికే మనిషి సగమైంది. చెయ్యి వణుకుతోంది. అంతకు ముందువారం ఒక ఫారాన్ని తలకిందులుగా కుట్టేసింది. యజమాని చెడ్డవాడు కాదు, పుస్తకాలు వెనక్కి వస్తాయని ఆయన భయం ఆయనది. "సూదమ్మా, ఆరు వారాలు చూస్తాను. అప్పటికీ చెయ్యి కుదురుకోకపోతే నువ్వు మడతల బల్ల దగ్గర కూర్చో, సూది ఇంకొకరికిద్దాం," అన్నాడు. సూది తీసేస్తే సూదమ్మలో మిగిలేది అమ్మ ఒక్కటే. పిన్నికి పిల్లలు కూడా లేరు.

డాక్టరేమో రుచి దానంతటదే వస్తుందన్నాడు, ఎప్పుడన్నది చెప్పలేదు.

"వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోవాలా? నేనే లాక్కొస్తాను," అంది పిన్ని. "రోజూ ఒకటే రుచిని నాలుకకు చూపిస్తా. సిగ్గుంటే అదే గుర్తుపడుతుంది."

ఆ ఆదివారం అనాసపండు తెచ్చి, కళ్ళు తీసి, సన్నగా తరిగింది. అల్లం, ఎండుమిర్చి, బెల్లం, ఉప్పు వేసి సన్నమంటమీద పెట్టింది. జిగురు పాకం చూసినట్టే, గరిటె లాగితే గిన్నె అడుగు కనబడేదాకా ఉడికించింది. సీసాకెత్తి, పక్కన నల్ల సిరాతో చిన్న గీత పెట్టింది. ఫారాల వెన్నుమీద అలాంటి గీతే ఉంటుంది, ఒక్కో ఫారానికీ ఒక్కో మెట్టు దిగుతుంది. ఒక ఫారం తప్పిపోతే మెట్లు తెగి దొరికిపోతుంది. "వారానికో సీసా. ఒక్క వారం తప్పినా నాకు కనబడాలి," అంది.

మా భోజనాలు సాదావి. రొట్టె, ఉడికించిన దుంప, కాకపోతే ఉత్త అన్నం. పక్కన చెంచాడు పచ్చడి. పిన్ని కళ్ళు మూసుకుని ముందు వాసన చూసేది, తర్వాత మెల్లగా నమిలేది. ఆ పైన సీసా మా ముందుకు తోసేది. "నా నాలుక సెలవులో ఉంది. ఎలా ఉందో మీరు చెప్పండి."

ఎలా ఉందంటే, నోట్లో పెట్టలేనంత ఉప్పు. వేశానో లేదోనని రెండోసారి కూడా వేసినట్టుంది. నేను "బ్రహ్మాండం పిన్నీ" అన్నాను. మామయ్య ఇంకో చెంచా అడిగి మరీ వేయించుకుని, అవతలికి వెళ్ళి చెంబెడు నీళ్ళు తాగాడు. యజమాని కూడా గుటకేసి "భలే ఉందే" అన్నాడు. మేం మెచ్చుకున్నాం కాబట్టి రెండో సీసాకూ అదే కొలత, మూడోదానికీ అదే.

మూడోవారం ఆవిడ ఉన్నట్టుండి నోరూరినట్టు చప్పరించింది. "తెలిసిందా పిన్నీ?" అని ఎగిరి గంతేసినంత పని చేశాను.

"మంట తెలిసింది. మంట రుచి కాదు. కూర్చో."

నాలుగోవారం నిజం నా నోటిదాకా వచ్చింది. కానీ అప్పటికి ఆవిడ రొట్టె మొత్తం తింటోంది, మా మెప్పు చూసుకునే. ఆ మెప్పు కాస్తా లాగేస్తే రొట్టె కూడా మానేస్తుందేమోనని భయపడి, ఇంకో చెంచా మింగాను.

ఆరోవారం ఆఖరి రోజున మడతల బల్ల దగ్గర కుర్చీ తుడిచి వేశారు. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండింది. పిన్ని అటు తిరిగి కూడా చూడకుండా ఆరో సీసా మూత తీసింది. రొట్టెముక్క నోట్లో పెట్టుకుని రెండుసార్లు నమిలి ఆగిపోయింది. వేలికొసతో ఇంకాస్త తీసి నాలుకకు రాసుకుంది.

"ఏమే, ఇందులో ఇంత ఉప్పేంటి?"

మామయ్య చెయ్యి నీళ్ళ చెంబుమీదికి పోయింది.

"మొదటినుంచీ ఇంతేనా?"

"ఇంతే," అన్నాడు మామయ్య తల గోక్కుంటూ. "ఐదోదాంట్లో కాస్త ఎక్కువ."

పిన్ని ఇంకో చెంచా తిన్నది. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. "ఉప్పు కింద పులుపుంది," అంది. "అనాస పులుపే." ఉన్న రొట్టె అయిపోగొట్టి, నా డబ్బాలోది కూడా లాక్కుని తిన్నది. లేచి తన పీటమీద కూర్చుని, దారం కొస నాలుకమీద తడిపి, ఒక్క దెబ్బకు ఎక్కించింది. యజమాని కాసేపు నిలబడి ఆవిడ చెయ్యి చూశాడు. తర్వాత మడతల బల్ల దగ్గరి కుర్చీని తనే ఎత్తి గోడవారన పెట్టాడు.

అప్పుడు పిన్ని మా వైపు తిరిగింది. "ఆరు వారాలు అబద్ధం చెప్పారు కదూ. ఒక్కొక్కళ్ళనీ పచ్చడి చేసేస్తాను."

జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ ఆ మాట వినలేదు మేం.

"చెయ్యి పిన్నీ," అన్నాను. "ఉప్పు మాత్రం చూసి వెయ్యి."