పన్నెండు సెకన్లు

ఈ ఉదయం మా వీధి బేకరీలోంచి వేడి రొట్టె వాసన రాగానే నా అడుగు ఆగిపోయింది. ఇన్నేళ్లయినా ఆ వాసన వెనకే నాకొక పేలుడు వినిపిస్తుంది. దానితోపాటే సత్తయ్య సార్ గుర్తొస్తారు.

గల్ఫ్ యుద్ధం మొదలైన ఆ చలికాలంలో నేను సౌదీలో అల్ ఖోబర్‌లోని ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాపులో కొత్త ఇంజనీరును. వరంగల్ నుంచి వచ్చిన సత్తయ్య సార్ మా పెద్ద ఇంజనీరు. దగ్గర్లోని ఖతీఫ్ ఊళ్లో ఒక బేకరీవాళ్లు గ్యాస్ పొయ్యికి టైమర్ అడిగారు. మంట అంటుకునే ముందు ఫ్యాను ముప్ఫై సెకన్లు తిరిగి, లోపల పేరుకున్న గ్యాసును బయటికి తోసేయాలి. రెసిస్టర్ విలువను కెపాసిటర్ విలువతో గుణిస్తే సరిగ్గా ముప్ఫై వచ్చేలా నేనే కట్టాను. సార్ నా లెక్క చూసి సంతకం పెట్టారు.

టైమర్ బిగించిన నాలుగో రోజు మధ్యాహ్నం మేమిద్దరం ఆ బేకరీలోనే వైరింగ్ సరిచేస్తుండగా నేల అదిరింది. స్కడ్ క్షిపణి పడిందనుకుని అందరం వీధిలోకి పరుగెత్తాం. వెనక్కి తిరిగి చూస్తే పొగ బేకరీలోంచే వస్తోంది. రొట్టెలు కాల్చే బంగ్లాదేశీ రఫీక్, కాలిన చేతులు రెండూ ముందుకు చాచి గుమ్మంలో నిలబడ్డాడు.

రఫీక్‌ను ఆస్పత్రికి పంపాక సార్ గ్యాసు మూయించి, టైమర్‌కు మాత్రమే కరెంటిచ్చి, చేతి గడియారం చూశారు. పన్నెండు సెకన్లకే, లోపలి గ్యాసు పూర్తిగా పోకముందే, మంట వెలిగించే రిలే స్విచ్ టక్కుమంది.

"గుణకారం మంచిగనే చేసినవ్. గని కెపాసిటర్ ఎంత నిండితే రిలే గుంజుతదో చూసినవా?"

చూడలేదు. ముప్ఫై సెకన్లకు కెపాసిటర్ దాదాపు మూడింట రెండు వంతులు నిండుతుంది. నా సర్క్యూట్‌లో రిలే మూడో వంతుకే కదిలింది.

ఇంతలో బేకరీ యజమాని వచ్చి, ఇది కట్టిందెవరని ఉర్దూలో గద్దించాడు.

"మైనే బనాయా," నేనే కట్టానన్నారు సార్.

నేను నోరు విప్పలేదు.

యుద్ధం ముగిసి విమానాలు తిరగగానే మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, ఆయన పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఇంటికి పంపేశాడు. వెళ్లేముందు పెట్టె సర్దుకుంటున్న ఆయన్ని, "ఎందుకు సార్ మీ మీద వేసుకున్నారు?" అని అడిగాను.

"గడియారం పట్టి చూడకుంటనే సంతకం పెట్టిన. ఆ తప్పు నాదే. నీ తప్పు నాకెందుకు చెప్తవ్? పోయి రఫీక్‌కు చెప్పు."

ఆస్పత్రికి వెళ్లి, నాకొచ్చిన హిందీలో చెప్పాను. రఫీక్ తన చేతుల కట్లవైపు చూసుకున్నాడు. క్షమించానని అనలేదు.

"అబ్ కిత్‌నా సెకండ్ హై?" ఇప్పుడెన్ని సెకన్లని మాత్రం అడిగాడు. ఇప్పుడు అదే పొయ్యి దగ్గర అతని తమ్ముడు పనిచేస్తున్నాడట.

నాకు తెలియదు. పేలుడు తర్వాత సార్ మళ్లీ కట్టిన టైమర్‌ను నేను చూడనేలేదు. ఆ సాయంత్రమే బేకరీకి వెళ్లి కొలిచాను. ముప్ఫై నాలుగు. తిరిగొచ్చి రఫీక్‌కు చెప్పాను. అతను కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత కొలవకుండా దేనికీ సంతకం పెట్టలేదు. కానీ "నేనే కట్టాను" అనాల్సిన చోట, సార్ పక్కనే నిలబడి కూడా నోరు విప్పని ఆ క్షణం ఇప్పటికీ నన్ను వదల్లేదు.