కొత్తగా గీసిన నుదురు

కత్తిపెట్టె ఊళ్లోనే వదిలేసి రమ్మని మా అబ్బాయి ముందే చెప్పాడు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పిపోతాయన్న వైటూకే తంటా తీర్చడానికి వాణ్ణి సింగపూర్ పిలిపించుకున్న రోజులవి. అక్కడ యూ టీ అనే పేటలో వాడి ఫ్లాటు. ఎవరైనా అడిగితే రైతునని చెప్పమన్నాడు. ముప్పై ఏళ్లు కొండమీద గుండ్లు గీసి వాణ్ణి చదివించినవాణ్ణి నేను. కోపం రాలేదంటే అబద్ధం. అయినా సరేనన్నాను.

మా బ్లాకు కింద ఒక చైనా ముసలాయన మంగలి షాపు ఉండేది. వయసులో ఉన్నప్పుడు సెంబవాంగ్ రేవులో కూలీలకు జుట్టు కత్తిరిస్తూ అరవం నేర్చుకున్నాడట. నాది చిత్తూరు జిల్లా, అరవం నాకూ వచ్చు. రోజూ పొద్దున పోయి ఆయన పని చూస్తూ కూర్చునేవాణ్ణి. చేతులు ఊరుకునేవి కావు.

ఒక శనివారం, ఎవరికో గడ్డం గీస్తూ తన తాతల నాటి సంగతి ఎత్తుకున్నాడు. చైనా రాజు మీద తైపింగ్ వాళ్లు తిరగబడ్డ కాలం. రాజు ఆజ్ఞ ప్రకారం మగవాళ్లంతా నుదుటి నుంచి నడినెత్తి దాకా గొరిగించుకుని వెనక జడ వేసుకోవాలి. తిరగబడ్డవాళ్లు అట్లా చేయకుండా జుట్టంతా పెంచారు. రాజు దండు వాళ్ల పట్టణాన్ని చుట్టుముట్టింది. నుదుటి మీద జుట్టు కనబడితే నరికేసేవాళ్లు. ఈయన ముత్తాత ఆ దండులో మంగలి. ఆకలికి తాళలేక పట్టణంలోంచి పారిపోయి వచ్చినవాళ్లను సిపాయిల కంట పడకముందే రెల్లుగడ్డిలో కూర్చోబెట్టి, నుదురు గీసి పంపేవాడట.

నేను నోరు ఆపుకోలేకపోయాను. "కొత్తగా గీసిన చోటు తెల్లగా ఉంటుంది కదా. ఎండకు మాడిన మొహం మీద దూరానికే కనిపించదా?"

ఆయన కత్తి ఆగింది. "మొదటివాడు అట్లే దొరికిపోయాడు" అన్నాడు. నా చేతుల వైపు చూశాడు. "నువ్వు రైతువి కాదు."

మంగలినేనని ఒప్పుకున్నాను. ఆ తర్వాతి వాళ్లందరికీ ముత్తాత తెలుపు కనబడకుండా చిక్కటి టీ నీళ్లు నుదుటికి రుద్ది పంపాడట. మేమైతే గుండుకు గంధం పూస్తామని చెప్పాను. గిరాకీ పోయాక ఆయన తనే కుర్చీలో కూర్చుని కత్తి నా చేతికిచ్చాడు.

సరిగ్గా అప్పుడే మా వాడు, వాడి ఆఫీసు స్నేహితుడు అటుగా వచ్చి షాపు అద్దాల తలుపులోంచి చూశారు. మా వాడు ఆగకుండా వెళ్లిపోయాడు. రెండు రోజులు నాతో మాట లేదు.

నలభై దాటాక నేర్చుకున్న అక్షరాలు నావి, ఉత్తరాలకు మించి ఎన్నడూ రాయలేదు. ఆ రెండు రోజులూ కూర్చుని ముత్తాత కథంతా రాసి, వాడి కాఫీ కప్పు పక్కన పెట్టాను. వాడు చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"ఎంతమందిని కాపాడినాడంట నాయనా?"

"పనిలో ఉన్నోడు లెక్కపెట్టుకుంటాడా?"

వాడు కాగితాలు సర్ది పక్కన పెట్టాడు. "ఆ పొద్దు నాతో వచ్చిన మా ఫ్రెండు అడగతా ఉండాడు, ఆదివారం అంకుల్ ఖాళీనా అని. వానికి కటింగ్ కావాలంట."

"ముందు నువ్వు కూర్చో" అన్నాను. "వెనకాల అడివి మాదిరి పెరిగుండాది."

వాడు లేచి, నేల మీద పేపరు పరిచి స్టూలు లాక్కున్నాడు.