ఎండిపోయిన బోరు పంపిన నీళ్లు

ఆ రోజుల్లో నాకు అంకెలంటే భయం ఉండేది కాదు, ఇష్టమొచ్చినట్టు రాసుకోవచ్చన్న ధైర్యమే ఉండేది. తొంభైల చివర్లో హిందూపురంలో ఒక చిన్న నీటి పరీక్షల ల్యాబులో చేరాను. ఇది జరిగేనాటికి ఉద్యోగం పర్మనెంటు కావడానికి ఇంకో వారమే ఉంది. ఊళ్ల నుంచి బోరునీళ్ల సీసాలు వస్తే, వాటిలో ఫ్లోరైడు ఎంతుందో చూసి రిజిస్టర్లో రాయడం నా పని. మా పెద్ద కెమిస్టును చాటుగా పాయింటు సారు అనేవాళ్లం (అంకెల మధ్య చుక్క ఒక్కటి జారినా ఆయనకు అన్నం సయించేది కాదు). ఆ వారం సీసాలు కుప్పలుగా వచ్చాయి. పెనుకొండ దగ్గరి ఒక ఊరి బడి బోరు సీసాకు మూతైనా తీయకుండా, పాత రిజిస్టరు చూసి పెద్ద అంకె ఒకటి వేసేశాను (చివరి అంకె మాత్రం మార్చాను, ఆపాటి తెలివి ఉండేది). సారు ఆ పేజీని చాలాసేపు చూశారు.

"ఏమబ్బా, ఈ లెక్క మింద నాకు అనుమానంగా ఉండాది. నువ్వే పోయి ఇంకో సీసా పట్టుకురా."

మిట్టమధ్యాహ్నం ఆ ఊళ్లో బస్సు దిగాను. బడికి సెలవు. కాకి అరుపు కూడా లేదు. బోరు కొట్టాను. నీళ్లు రాలేదు గానీ, లోపల ఎవరో నిట్టూర్చినట్టు చల్లగాలి వచ్చింది. మళ్లీ కొడితే మళ్లీ అదే నిట్టూర్పు.

"ఎవురప్పా నువ్వు? అది ఎండిపోయి రెండేండ్లాయ గదా!" వెనక ఒక అవ్వ నిలబడి ఉంది.

"లేదవ్వా, మొన్ననే ఈ నీళ్లు మా ల్యాబుకొచ్చినాయి."

"యాడివప్పా ఆ నీళ్లు? ఈడ చుక్క లేదు. ఉన్నన్నాళ్లూ ఈ బోరు నీళ్లు తాగే మా ఆయప్ప నడుం వంగిపోయి మంచాన పడినాడు. పరీక్షకు ఇప్పుడొస్తాండావా?"

బోరు వైపు మళ్లీ చూడకుండా రోడ్డు మీదికి వచ్చేశాను. దొరికిన బస్సెక్కి ల్యాబుకొచ్చి, ఆ సీసా మూత మొదటిసారి తీశాను. ఫ్లోరైడు లేదు. ఉప్పు లేదు, సున్నం లేదు, అసలేమీ లేదు. మా నేలలో అలాంటి నీళ్లు పుట్టవు. వణుకుతూ సారు దగ్గరికి పరుగెత్తాను.

"సార్, ఆ బోరు చచ్చి రెండేండ్లయింది. అయినా నీళ్లు పంపించింది. అవి మామూలు నీళ్లు కాదు సార్!"

"యాడయితాయి? డిస్టిల్డ్ వాటరు. నేనే పోసి, ఆ ఊరి పేరు అంటించి నీ ముందర పెట్టినా." సారు కళ్లద్దాలు తీశారు. "దయ్యముండాదని చెప్పేకి ఇంత దూరం పరిగెత్తుకొచ్చినావు. పరీక్ష చేయలేదని చెప్పేకి నోరు రాలేదే అబ్బా?"

తల దించుకుని ఒప్పుకున్నాను. పర్మనెంటు కాగితం ఆరు నెలలు వెనక్కి పోయింది.

ఇప్పుడు కొత్తవాళ్ల ముందు అలాంటి సీసాలు పెట్టేది నేనే. ఆనాటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, అంతలోనే సిగ్గేస్తుంది. లేని నీళ్లకు అంత వణికినవాణ్ణి, ఉన్న నీళ్లు తాగి మంచాన పడ్డ మనిషిని ఒక్కసారి చూసి వస్తానని ఆ అవ్వతో అనలేదు. బస్సు ఎన్నింటికని మాత్రం అడిగాను.