వంత మాత్రమే మిగిలింది

మా భజన సారు పోయారన్న కబురు జడ్చర్లలో ఉన్న నాకు తొమ్మిదో రోజున అందింది. మరునాడు ఆత్మకూర్ బస్సు ఎక్కేటప్పుడు మనసులో ఉన్నది దుఃఖమే. ఆయన ఇంటికి వెళ్ళాక అది రోతగా మారింది.

సారు బడిలో లెక్కలు చెప్పి, తెలంగాణ వచ్చిన ఏడు రిటైరయ్యారు. ఆనాటి నుంచి ఊరూరి భజన మండళ్ళ పాత రాతపుస్తకాలు వెతకడమే ఆయన పని. ఎడమ పేజీలో ముందుపాట, కుడి పేజీలో గుంపు అందుకునే వంత, అక్షరాల నెత్తిన స్వరాలు. తాతలనాటి వరసలు ఆ రాతలోనే మిగిలాయి. అయితే ఏ ఇంట్లో అడిగినా ఒకటే జవాబు: చినిగిపోయాయని గంగలో కలిపాం. దేవుడి పేరున్న కాగితం కాలికి తగిలితే పాపమని మనవాళ్ళ భయం. మా అవ్వ కూడా ఒక సంచెడు అట్లాగే కలిపింది. ఆ మాట విని సారు నా మొహాన ఉమ్మేసినంత పని చేశారు.

"చెదలకు భక్తి లేదు, సగం తిని ఇడిసిపెడ్తది. మీకు భక్తి ఉన్నది, గందుకే మొత్తం ముంచుతరు."

తిట్టారు గానీ, ఆ తర్వాత నన్ను వెంట తిప్పుకున్నారు. ఒకసారి మోత్కూర్ దాకా పోయి, అటక మీద ఎలుక పెంటలో దొరికిన పుస్తకాన్ని రుమాలులో కట్టుకొచ్చాం. ఆ కంపుకు నేను ముక్కు మూసుకుని దూరం జరిగాను. ఆయన మాత్రం ఒక్కో పేజీ విడదీసి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురుతో పలుచని కాగితం అంటించి, వాకిట్లో తీగకు క్లిప్పులు పెట్టి ఆరేశారు. టేపు అంటించి పాడుచేసిన పేజీ కనబడితే ఆయనకు ఆ పూట అన్నం సయించేది కాదు. చిరిగిన చోట అక్షరం ఊహించి రాస్తానంటే ఒప్పుకునేవారు కాదు. తెల్వదని రాయి, అబద్ధం పాడకు అనేవారు. నా బొంగురు గొంతుకు వంత నేర్పింది ఆయనే. నలుగురిలో నోరు విప్పే ధైర్యం ఆయన పెట్టిన భిక్ష.

పదో రోజు కర్మ అయ్యాక పుస్తకాలు ఎక్కడున్నాయని అడిగాను. సారు కొడుకు పుణ్యం చేసినవాడిలా నింపాదిగా చెప్పాడు.

"అస్థికలతోని అవి గూడ కృష్ణల కలిపినం అన్నా. బాపు పానమంత అండ్లనే ఉండె గద."

ఒళ్ళు మండింది. నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. ఆ పుస్తకాలన్నిటికీ ఫోన్లో ఫొటోలు తీసిపెడతానని సారుకు రెండేళ్ళుగా చెప్తూ వచ్చింది నేనే. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ అదే ఫోనుతో పెళ్ళి విందుల ఫొటోలు తీసుకుంటూ తిరిగాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం సారు భజన మండలి వాళ్ళం వాకిట్లో కూర్చున్నాం. సారు బాగు చేసిన పాటల్లో ఒకటి పాడదామని తాళాలు పట్టాం. ముందుపాట ఎప్పుడూ ఆయనే పుస్తకం చూసి ఎత్తుకునేవారు, మేమందరం వంత ఒక్కటే తెలిసినవాళ్ళం. ఎవరైనా ఎత్తుకుంటారేమోనని ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మా తలల మీద తీగకు క్లిప్పులు ఖాళీగా వేలాడుతున్నాయి, వాటి పళ్ళకు మైలుతుత్తం నీలం ఇంకా అంటుకునే ఉంది.