పద్నాలుగో ఎక్కంలో ఇరుక్కున్న మెరుపు టీచర్

మూడో తరగతి టీచరమ్మను బడిలో అందరూ మెరుపు టీచర్ అనేవారు. ఆమె చేతిలో గడియారం, పిల్లల నోట్లో ఎక్కాలు. పద్నాలుగో ఎక్కం పదకొండు సెకన్లలో ముగియాలి. మధ్యలో ఊపిరి తీసుకున్నవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టాలి.

ఒకసారి ఆ గదిలో నేలకు పలకలు వేసే పని వచ్చింది. వేసే మేస్త్రీ ఆమె భర్తే. పిల్లలు వరండాలో కూర్చుని ఎక్కాలు దంచుతుంటే ఆయనకు ముచ్చటేసి, అందరికంటే వేగంగా చెప్పే రెండుజడల పిల్లను పిలిచాడు.

"అమ్మడూ, వరసకి పద్నాలుగు పలకలు. ఏడు వరసలు. మొత్తం ఎన్నమ్మా?"

ఆ పిల్ల కళ్ళు మూసుకుని అందుకుంది. "పద్నాలుగు ఒకట్లు పద్నాలుగు, పద్నాలుగు రెళ్ళు..."

"నేరుగా ఏడు దగ్గరికి రా తల్లీ."

"మధ్యలోంచి రాదండీ. కింద నుంచే ఎక్కాలి."

మేస్త్రీ నవ్వాపుకుంటూ సుద్దముక్కతో నేల మీద గీత గీశాడు. "ఇటు పదేసి, అటు నాలుగేసి. పది ఏడులు డెబ్భై, నాలుగేడులు ఇరవై ఎనిమిది. తొంభై ఎనిమిది. అంతే!"

టీచర్ ముఖం మాడిపోయింది. రెండు రోజులు భర్తతో ముక్తసరిగా మాట్లాడింది. మూడో రోజు గడియారం బీరువాలో పెట్టి, పిల్లలందరి చేతా మేస్త్రీ గీసినట్టే గళ్ళు గీయించింది.

అయితే పిల్లలకు ఆ పిచ్చి మరీ ముదిరింది. మూడు రెళ్ళు అడిగినా మూడును ముక్కలు చేసేవారు. ఇరవై లెక్కల పరీక్షలో ఒక్కరూ నాలుగో లెక్క దాటలేదు.

"ఏంటమ్మా ఇది? గుర్రాల్ని నత్తల్ని చేసేశావు!" అని తల పట్టుకున్నారు హెడ్మాస్టరు.

ఆమె బాగా ఆలోచించి ఒక కట్టుబాటు చేసింది. పదో ఎక్కం దాకా నోటికి రావాలి, ఎక్కడ అడిగినా చెప్పాలి. ఆ పైవి విడగొట్టుకోవాలి.

నెల తిరిగాక హెడ్మాస్టరు వచ్చి, "పదహారు ఎనిమిదులు?" అన్నారు.

"నూట ఇరవై ఎనిమిది!" అంది రెండుజడల పిల్ల. "పది ఎనిమిదులు ఎనభై, ఆరెనిమిదులు నలభై ఎనిమిది."

ఆయన నమ్మకం కుదరక బోర్డు మీద గుణించారు. ఎనభై ఎనిమిది వచ్చింది.

"సార్," అంది ఆ పిల్ల జాలిగా, "మీ నలభై ఎక్కడో పడిపోయింది."

టీచర్ హాజరు పట్టీ ముఖానికి అడ్డం పెట్టుకుంది. హెడ్మాస్టరు దగ్గి, బోర్డు తుడిచి, "ఊఁ, మీరు పట్టుకుంటారో లేదో చూద్దామనే," అన్నారు.