తోలు బిళ్ళ, దువ్వెన ముక్క

నా చిన్నప్పుడు మా చిన్నాయన గిటారు ఏనుగుపిల్లంత ఉండేది. ఇది నిజం కాదని ముందే చెప్పేస్తున్నాను. నా నోట పడితే పిడికెడు బియ్యం గంపెడు అన్నమవుతుందని మా ఇంట్లోవాళ్ళ ఫిర్యాదు. కాబట్టి మీరు సగం తగ్గించుకొని చదవండి. అయితే తగ్గించడానికి వీల్లేని చోటు కూడా ఉంది.

మేము పుంగనూరులో ఉండేవాళ్ళం. మిషన్ బడిలో పనిచేసిన దొర ఒకాయన తన దేశానికి పోతూ ఆ గిటారును చిన్నాయనకు ఇచ్చిపోయాడు. కుప్పం నుంచి వాయల్పాడు దాకా మా క్రైస్తవుల పెళ్ళిళ్ళన్నిటికీ ఆయనే వాయించాలి. ఆయన రాలేదని ఆగిపోయిన పెళ్ళిళ్ళు నూరైనా ఉంటాయి. సరే, ఒకటి. అది కూడా వాన వల్ల ఆగింది.

అవి యుద్ధం రోజులు. తీగలు మీటే బిళ్ళలు మద్రాసులో కూడా దొరికేవి కావు. చిన్నాయనే చేసుకునేవాడు. పగిలిన సబ్బుపెట్టె మూతను కత్తిరించి ఒకటి చేశాడు. అది పలచన; వేళ్ళ మధ్య వంగేది, చెమటకు జారేది, కానీ దాంతో మీటితే తీగలు గలగలా నవ్వేవి. రెండోది బర్రెకొమ్ము. దువ్వెనలు చేసే సాయిబు దగ్గర ముక్క తెచ్చుకొని అరగదీశాడు. మా ఊరి పొట్టి ఆవు కొమ్ము పనికిరాదా అని నేనడిగితే, "పుంగనూరు ఆవు కొమ్ములో బిళ్ళ తీస్తే ఇంక ఆవుకు మిగిలేదేముండాది నాయనా" అన్నాడు సాయిబు. కొమ్ము బిళ్ళ వంగదు. కాసేపటికి చేతిలో వెచ్చబడేది, నాదం పాకం పట్టినట్టు చిక్కగా వచ్చేది. మూడోది తెగిన చెప్పు తోలు. అది తీగను పట్టుకుంటే ఒక పట్టాన వదలదు, మణికట్టు పీకుతుంది. ముసుగు తన్ని పడుకున్న మనిషి మాట్లాడినట్టు ఉండేది దాని శబ్దం.

సబ్బుపెట్టె ముక్క పెళ్ళిళ్ళకూ క్రిస్మస్‌కూ. కొమ్ము ఆదివారాలకు. తోలు మాత్రం సమాధుల దగ్గరికే. ఎప్పుడో ఒక తల్లి, బిడ్డను పూడుస్తున్నప్పుడు ఆ గలగలకు చెవులు మూసుకుందట. అప్పటినుంచీ అదే వాడుక. మా సంఘంలో చంటిబిడ్డలు కూడా శబ్దం విని, ఎక్కడ ఏం జరుగుతోందో చెప్పగలిగేవాళ్ళు.

పక్కింటి అక్క అదే బడిలో టీచరు. చిన్నాయన వాయిస్తుంటే ఆమె పాడేది. ఆ గొంతుకు గుడి పెంకులు లేచి మళ్ళీ కూర్చునేవి. ఒక ఆదివారం పాట మధ్యలో దగ్గింది. చేతిరుమాలు చూసుకొని, మెల్లగా మడిచి, గుప్పిట్లో పెట్టుకుంది. ఆ నెలలోనే ఆమెను మదనపల్లె దగ్గర క్షయ ఆసుపత్రిలో చేర్చారు.

చాలా రోజుల తరవాత కబురొచ్చింది. పాడైన ఊపిరితిత్తిని అణచడానికి పక్కటెముకలు తీసే ఆపరేషన్ చేస్తారట, లేచి వస్తే వచ్చినట్టు. దానికి ముందు ఒక్కసారి క్రిస్మస్ పాట గిటారు మీద వినాలని అక్క అడుగుతోంది. చిన్నాయన నన్ను వెంటబెట్టుకొని, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సు ఎక్కాడు. ఎక్కామన్న మాటే గాని, మేము కూర్చున్న దూరం కంటే తోసిన దూరమే ఎక్కువ.

ఆసుపత్రిలో మంచాలు వరండాలోనే వరసగా వేశారు. గాలే మందు అన్న కాలం అది. చూడవచ్చినవాళ్ళు కమ్మీల ఇవతలే నిలబడాలి. అక్కను నేను గుర్తుపట్టలేదు. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. ఇక్కడ నేను పెంచడం లేదు, తగ్గించే చెబుతున్నాను.

"మెల్లిగా వాయించప్పా," అంది నర్సమ్మ. "అదిరితే దగ్గు లేస్తాది."

చిన్నాయన తలూపి జేబులో చెయ్యి పెట్టాడు. ఆమె బలహీనతను ఇంటి దగ్గరే ఊహించి, నొప్పి కలగకూడదని తోలు బిళ్ళ ఒక్కటే తెచ్చుకున్నాడు. క్రిస్మస్ పాట మొదలుపెట్టాడు. రెండు చరణాలైనా కాలేదు, అక్క చెయ్యి ఎత్తింది.

"ఏమప్పా, నన్ను అప్పుడే మట్టిలో పెట్టేసినారా?"

చిన్నాయన వేళ్ళు తీగల మీదే ఉండిపోయాయి. "నీకు కష్టమయితాదని..." అన్నాడు.

"నా కష్టం నేను పడతాండాను గదా. సచ్చినాక తోలుతోనే వాయిద్దువు, వద్దన్లేదు. ఈ పొద్దు ఆ సబ్బుపెట్టె ముక్క తీయి."

"తేలేదమ్మా."

ఆమె దిండు పక్కనున్న, సబ్బుపెట్టె మూతలాగే పలచనైన దువ్వెన తీసుకుంది. రెండు చేతులా విరవబోయింది, బలం చాలలేదు. మంచం ఇనుప పట్టీకి ఆనించి ఒళ్ళంతా ఒరిగితే అంచు ముక్క పుటుక్కున విరిగింది. దాన్ని చాచి పట్టుకుంది. రోగుల చేతి వస్తువు ఎవరూ తాకకూడని చోటు అది. చిన్నాయన కమ్మీల్లోంచి చెయ్యి చాచాడు. నర్సమ్మ అడ్డం వచ్చింది. అయిపోయిందనుకున్నాను. ఆమె ఆ ముక్కను అందుకొని, లోషన్ గిన్నెలో ముంచి, గుడ్డతో తుడిచి, చిన్నాయన అరచేతిలో పెట్టింది. మెల్లిగా అని మాత్రం మళ్ళీ అనలేదు.

విరిగిన అంచు గరుకుగా ఉండి తీగను గీరింది. అయినా వరండా అంతా గలగలమంది. ఆసుపత్రి వెనక గుట్ట మీద మేకలు మేత మాని తలలెత్తాయి. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి దగ్గు అంటుకుంది, అయినా ఎవరూ ఆపమనలేదు. పాట అయిపోగానే అక్క, "ఇంకొకటి" అంది. ఆయన ఇంకొకటి వాయించాడు.

ఆపరేషన్ బల్ల మీదనుంచి ఆమె లేవలేదు. సమాధి దగ్గర చిన్నాయన తోలు బిళ్ళతోనే వాయించాడు. ఆ రోజుకు అదే సరైనది.

ఇప్పటికీ రోగిని పలకరించడానికి వెళితే నేను గొంతు తగ్గించను. ధరల సంగతి, వీధిలో కొట్లాట, అల్లుడి మీద కోపం అన్నీ బయట చెప్పినట్టే చెబుతాను, గట్టిగా నవ్విస్తాను. ఈయనకు సమయం సందర్భం లేదని బంధువులు మొహం చిట్లిస్తారు. మంచం మీది మనిషి ఊపిరి తీస్తున్నంతసేపూ, ఆ మనిషిని సాగనంపే శబ్దం నా నోట రాకూడదు.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి. మేకలని మీరు అనుకుంటారు. మేకలు నిజంగానే తలెత్తాయి. కల్పించింది "ఇంకొకటి" అన్న మాట. పాట అయ్యేసరికి అక్క కళ్ళు మూసుకొని ఉంది. వినిందో, నడుమనే నిద్రపట్టిందో చిన్నాయన అడగలేదు. రెండో పాట మాత్రం, ఎవరూ అడక్కుండానే, అంతే గట్టిగా వాయించాడు.