మా అమ్మాయి ఆట మొత్తం ఆడిన రోజు

బాస్కెట్‌బాల్‌ని ఒక్కసారైనా చేత్తో పట్టుకుని ఎరగని మగవాళ్ళు ముగ్గురు మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఏ అమ్మాయిని ఎప్పుడు దింపాలో, ఎవరిని ఎంతసేపు ఆడించాలో వాదించుకోవడం ఒక ఏడాదిపాటు విన్నాను. వింటూనే వడ్డించాను. ఇప్పటికీ ఆ ఆదివారాలు తలుచుకుంటే పప్పుచారు పోపు వాసనతోపాటు ఒక వెగటు కూడా గొంతులోకి వస్తుంది.

అవి కంప్యూటర్ ఉద్యోగాల రోజులు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని లోకమంతా హడలిపోతుంటే, ఆ భయం పుణ్యమా అని మనవాళ్ళు విమానాల నిండా సింగపూర్‌లో దిగుతున్నారు. మా ఆయన వాళ్ళందరికంటే ముందే వచ్చినవాడు. జురాంగ్ ఈస్ట్‌లో మాకో ఫ్లాటు ఉండేది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అద్దెకు గది దొరికేదాకా మా హాల్లో చాపలేసుకుని పడుకునేవారు. దొరికాక ఆదివారం భోజనానికి వచ్చేవారు. అలా వచ్చి అతుక్కుపోయినవాళ్ళు ఇద్దరు. ఒకడు వరంగల్ అబ్బాయి, మాటకంటే ముందు నవ్వే రకం. రెండోవాడు నెల్లూరు అబ్బాయి, ఏం చెప్పినా తనకి ముందే తెలుసన్నట్టు తల ఊపేవాడు. ఇద్దరూ నన్ను అక్కా అనేవారు. వాళ్ళమీద నాకు మొదట్లో ఏ కోపమూ లేదు. వండింది కడుపునిండా తిని పోయే పిల్లలమీద ఎవరికి మాత్రం ఏం కోపం ఉంటుంది.

మా అమ్మాయి అప్పుడు జూనియర్ కాలేజీ మొదటి సంవత్సరం. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో దానికి చోటు దొరికింది. మొదట దిగే ఐదుగురిలో కాదు, ఆరో అమ్మాయిగా. బంతిని ముందుకు తీసుకెళ్ళి, ఎవరికి అందించాలో చూసి అందించే పిల్లని గార్డ్ అంటారు. జట్టు గార్డ్ పొట్టి జుట్టు చైనీస్ పిల్ల, రెండో సంవత్సరం. ఆ పిల్ల అలిసిపోయినప్పుడల్లా దాని బదులు మా అమ్మాయి దిగేది. ఇద్దరికీ ప్రాణస్నేహం. ఆ పిల్ల మా ఇంటికొచ్చి నా ఉప్మా అల్లప్పచ్చడి వేసుకుని తిని, "ఆంటీ, కెన్ హావ్ సమ్‌మోర్?" అని గిన్నె చాపేది. బంతి వంక చూడకుండా బంతి కొట్టుకుంటూ పరిగెత్తడం మా బ్లాకు కింద కోర్టులో మా అమ్మాయికి నేర్పింది ఆ పిల్లే. అమ్మాయి తన వంతు కోసం బెంచీ అంచున కూర్చునేది, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, కళ్ళన్నీ ఆటమీదే పెట్టి. ఆ ఏడాది ఉన్నంత సంతోషంగా దాన్ని నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. దానికి ఆ జట్టు పోకూడదని, అంతవరకే నా కోరిక.

నేనూ ఒకప్పుడు గార్డ్‌నే. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో, సిమెంటు కోర్టు మీద, పంజాబీ డ్రెస్సు వేసుకుని చదువు అయ్యేదాకా ఆడాను. యూనివర్సిటీ జట్టుకి కూడా ఆడాను. పెళ్ళిచూపుల్లో మా నాన్న ఆ సంగతి గొప్పగా చెబితే, పెళ్ళివారు "ఇంక ఆటలెక్కడివి లెండి" అని నవ్వారు. ఆ నవ్వులో మా ఆయన నవ్వు కూడా ఉంది. తర్వాత ఆయనకది గుర్తుందో లేదో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

మ్యాచ్‌లు శనివారాలు ఉండేవి. టికెట్టు లేదు, చల్లటి ఏసీ హాలు. మొదట నేనూ మా ఆయనా వెళ్ళాం. తర్వాత ఈ ఇద్దరూ తోడయ్యారు. టిష్యూ ప్యాకెట్లు పెట్టి ముందు వరస సీట్లు చోప్ చేసేవారు, అంటే అక్కడి భాషలో ముందే ఆపి ఉంచేవారు. వరంగల్ అబ్బాయి చేతి గడియారంలో స్టాప్‌వాచ్ ఉండేది. అమ్మాయి కోర్టులోకి దిగగానే నొక్కేవాడు, బయటికి రాగానే ఆపేవాడు. ఆట వాళ్ళు చూసింది అంతే. బంతి ఎటు పోయిందో, ఎందుకు పోయిందో వాళ్ళకి పట్టదు. మనమ్మాయి లోపలుందా, బయటుందా అన్నదే పట్టింపు.

ఆదివారం అదంతా మా బల్లమీదికి వచ్చేది.

"అక్కా, గా కోచ్‌కు ఏం సమజైతలేదు. మన పిల్లను అవతలోళ్ళు అలిసినంక దించుతది. ముందుగాల్నే దించితే ఏం పోతది?" అనేవాడు వరంగల్ అబ్బాయి.

"అది కాదు బ్రదర్. వాళ్ళ చైనీస్ బిడ్డలకే చాన్స్ ఇస్తా ఉండారు. నేను మొదట్నుంచీ చెప్తానే ఉండా" అనేవాడు నెల్లూరు అబ్బాయి.

మా ఆయన చెయ్యి అన్నంలో పెట్టుకుని, ఆఫీసు మీటింగులో తీర్పు చెప్పినట్టు, "ఫేర్ రొటేషన్ అంటూ ఒకటి ఉండాలి. ఒక్కళ్ళమీద ఆధారపడే టీమ్ టీమే కాదు" అనేవాడు.

ఒకసారి నేను కలగజేసుకున్నాను. "అవతలివాళ్ళు మీద పడి ఒత్తిడి పెడుతున్నప్పుడు, వాళ్ళు కాస్త అలిశాక కొత్త కాళ్ళతో ఇది దిగడం సరైన పనే. కోచ్ తెలిసే చేస్తోంది. వచ్చే ఏడు ఆ పిల్ల వెళ్ళిపోతే ఆ చోటు దీనిదే" అన్నాను. ముగ్గురూ మర్యాదగా ఆగారు. వరంగల్ అబ్బాయి నవ్వి, "అక్కా, జర చారు ఎయ్యవా" అన్నాడు. వేశాను. వాదన నేను అంతకుముందు అడ్డుపడిన చోటినుంచే మళ్ళీ మొదలైంది.

ఆయన బాధ ఏమిటో నాకు తెలియక కాదు. ఆ ఏడాదే ఆఫీసులో ఆయన్ని పక్కన పెట్టి, ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి మేనేజర్ని చేశారు. ఆ సంగతి నాకు ఒక్కసారి చెప్పాడు, మళ్ళీ ఎత్తలేదు. దాని బదులు అమ్మాయి బెంచీమీద కూర్చోవడం గురించి ఎత్తేవాడు. తన మంట తను చల్లార్చుకోవడానికి పిల్ల ఆట దొరికింది. జాలి పడదామనుకున్నాను, కానీ రానురాను జాలికి బదులు అసహ్యమే ఎక్కువైంది.

వాళ్ళ ఆఫీసుల్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరితోనైనా పని కాకపోతే వెళ్ళి ఆ మనిషితో మాట్లాడరు. ఆ మనిషి పైవాడికి మెయిల్ రాసి, ఆ మనిషికి కాపీ పెడతారు. దాన్ని ఎస్కలేషన్ అంటారు. సీజన్‌లో చివరి మ్యాచ్‌కి ముందు ఆదివారం, భోజనాలయ్యాక, ముగ్గురూ హాల్లో కంప్యూటర్ ముందు చేరారు. మోడెమ్ కీచుమంటూ లైను కలుపుతోంది. అమ్మాయి ప్రాక్టీసుకి వెళ్ళింది. కాలేజీ ప్రిన్సిపాల్‌కి ఎస్కలేషన్ తయారవుతోంది, కోచ్‌కి కాపీతో. ఏ మ్యాచ్‌లో ఎవరెంతసేపు ఆడారో స్టాప్‌వాచ్ లెక్కలన్నీ దానికి తగిలించారు. చివరి మ్యాచ్‌లోనైనా మా అమ్మాయిని మొదటినుంచి చివరిదాకా ఆడించాలని కోరారు. ఇంగ్లీషు ఎంత మర్యాదగా ఉందంటే చదువుతుంటే ఒళ్ళు మండింది.

"కనీసం దాన్ని అడిగి పంపండి" అన్నాను.

"దానికి సర్‌ప్రైజ్" అన్నాడు మా ఆయన. "నీకు తెలీదులే. అడగందే ఎవడూ ఏదీ ఇవ్వడు. నేను అడక్కే కదా ఇలా ఉన్నాను."

మీట నొక్కేశాడు.

శనివారం హాలుకి వెళ్ళేసరికి మొదటి ఐదుగురిలో మా అమ్మాయి ఉంది. పొట్టి జుట్టు పిల్ల బెంచీ చివర కూర్చుని ఉంది. అది ఆ పిల్లకి కాలేజీ తరఫున ఆఖరి మ్యాచ్. తర్వాత పరీక్షలు, ఆ తర్వాత కాలేజీయే అయిపోతుంది. వరంగల్ అబ్బాయి గడియారం నొక్కి పిడికిలి బిగించాడు. నెల్లూరు అబ్బాయి తల ఊపాడు. మా ఆయన నా భుజం తట్టాడు. అంతమంది ముందు ఆయన నా భుజం తట్టడం అదే మొదటిసారి.

ఆట మొదలైన కాసేపటికే నాకు అర్థమైంది. గార్డ్ చేతికి బంతి రావాలి. రావడం లేదు. పొడుగు పిల్ల ఒకతె అలవాటు లేని చేత్తో తడుముకుంటూ తనే బంతి తీసుకెళుతోంది. మా అమ్మాయి పక్కనే పరిగెత్తుతూ చెయ్యి చాపితే అటు చూడడం లేదు. ఒకసారి అమ్మాయి అవతలి పిల్లని ఏమార్చి, ఒక్క అంగలో లోపలికి దూరి, రింగు కింద ఒంటరిగా నిలబడి చెయ్యి ఎత్తింది. దాన్ని అడ్డుకునేవాళ్ళు ఎవరూ లేరు. బంతి పట్టుకున్న పిల్ల దాన్ని చూసింది. చూసి, బంతిని అటువైపు మూలకి విసిరింది. అక్కడ అందుకున్న పిల్లని ఇద్దరు చుట్టేశారు. బంతి పోయింది. అలాంటివి ఆ రోజు చాలా చూశాను. గార్డ్‌కి బంతి ఇవ్వకుండా ఆడిన ఆట నేను ఎక్కడా చూడలేదు.

"చూడండి, దానికి ఎవరూ బంతి ఇవ్వడం లేదు" అన్నాను మా ఆయనతో.

"ఆడుతోంది కదా" అన్నాడు, కళ్ళు కోర్టుమీంచి తిప్పకుండా.

మూడో భాగం మధ్యలో అమ్మాయి కోచ్ దగ్గరికి పరిగెత్తి ఏదో అడిగింది. తల అడ్డంగా ఊపుతూ బెంచీ వైపు చూపించింది. కోచ్ చేతులు కట్టుకుని ఒక్క ముక్క అంది. అమ్మాయి వెనక్కి వచ్చేసింది. "టిప్ అడగతా ఉంది, చూసినావా, లీడర్‌షిప్" అన్నాడు నెల్లూరు అబ్బాయి. బెంచీ చివర ఆ పొట్టి జుట్టు పిల్ల తువ్వాలు తలమీద కప్పుకుంది. ఆట అయ్యేదాకా తియ్యలేదు.

ఓడిపోయారు. మా వరసలో మాత్రం ముగ్గురు మగవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఫుల్ మ్యాచ్ అక్కా, ఒక్క సెకను బయటికి రాలే" అంటూ వరంగల్ అబ్బాయి గడియారం నా ముఖం ముందు పెట్టాడు. ఆ చెయ్యి పక్కకి నెట్టి కిందికి దిగాను. అమ్మాయి అప్పటికే బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళిపోయింది. మాకోసం ఆగలేదు. ఒక్కత్తీ రైలెక్కి ఇంటికొచ్చింది.

సాయంత్రం వంటింట్లోకి వచ్చి గట్టుకి ఆనుకుని నిలబడింది.

"అమ్మా, యూ సా, రైట్?"

"చూశాను."

"నాన్న మెయిల్‌ని కోచ్ అందరి ముందు చదివేసింది. మ్యాచ్‌లో ప్లీజ్ టేక్ మీ ఔట్ అని అడిగాను. 'యువర్ ఫాదర్ వాంట్ ఫుల్ మ్యాచ్ వాట్, సో యూ ప్లే లా' అంది." గట్టుమీది గరిటె పక్కకి జరిపింది. "షీ వోంట్ టాక్ టు మీ." ఆ పొట్టి జుట్టు పిల్ల గురించేనని వేరే చెప్పక్కర్లేదు.

తండ్రిమీద కసి పిల్లమీద తీర్చుకున్న ఆ కోచ్ అన్నా నాకు అసహ్యమే వేసింది. పెద్దవాళ్ళందరూ కలిసి ఒక పిల్లని కోర్టు మధ్యలో నిలబెట్టి చేతులు దులుపుకున్నారు. దగ్గరికి తీసుకుందామంటే ఒళ్ళు బిగదీసుకుంది. రాత్రి తిండి ముట్టుకోలేదు.

మర్నాడు ఆదివారం. గంట కొట్టినట్టు కుర్రాళ్ళిద్దరూ వచ్చారు, ఒక మిఠాయి డబ్బాతో. వాళ్ళు అన్నంలో చెయ్యి పెట్టగానే చర్చ మొదలైంది. వచ్చే సీజన్ మొదటి మ్యాచ్ నుంచే ఇలా ఆడించేలా ఏం చెయ్యాలన్నది చర్చ. అప్పుడు అమ్మాయి గది తలుపు తీసుకుని బయటికొచ్చింది. ఉతికి మడతపెట్టిన జెర్సీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు మీద ఉంచింది.

"అదేవిటమ్మా?" అన్నాడు మా ఆయన.

"రిటర్న్ చేసేస్తున్నాను. నాతో ఎవరూ ఆడరు, నాన్నా." లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తర్వాత అది ఏ జట్టులోనూ ఆడలేదు.

ఇప్పటికైనా ఎవరో ఒకరు లేచి ఆ తలుపు తడతారని ఎదురుచూశాను. నెల్లూరు అబ్బాయి తల ఊపాడు. "ఇది ఆ కోచ్ చేపించిన పనే. నేను ముందే అనుకున్నా. దీన్ని ఇంకా పైకి తీసుకుపోవాల."

"ఎడ్యుకేషన్ మినిస్ట్రీకి రాద్దాం" అన్నాడు మా ఆయన. మొహంలో కళ వచ్చేసింది. "కాపీ ప్రిన్సిపాల్‌కి."

"ఈపాలి జర ఘాటుగ రాద్దాం సార్" అన్నాడు వరంగల్ అబ్బాయి.

మొదటి వాక్యం ఎలా ఉండాలో వాదించుకుంటూ కూర అయింది, చారు అయింది. ముగ్గురూ కంచాలు కాస్త ముందుకు జరిపి, మాట్లాడుతూనే పెరుగు కోసం చూస్తున్నారు. నేను రోజూ రాత్రి పాలు తోడుపెడతాను. సింగపూర్ వచ్చాక మా ఇంట్లో ఎవరూ పెరుగు లేకుండా భోజనం ముగించలేదు. ఆ కుర్రాళ్ళు నిజంగా వచ్చేది ఆ పెరుగు కోసమేనని నాకు తెలుసు.

"పెరుగు లేదు" అన్నాను.

"ఏంది అక్కా, తోడుకోలేదా?" అన్నాడు నెల్లూరు అబ్బాయి.

"లేదు. చేతులు కడుక్కోండి."

నేను నవ్వలేదు. వాళ్ళు ఎండిపోతున్న చేతులతో ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వరంగల్ అబ్బాయి ముందు లేచాడు. మిఠాయి డబ్బా బల్లమీదే ఉంది, ఎవరూ విప్పలేదు. ఏదో పనుందని ఇద్దరూ వెళ్ళిపోయారు. మళ్ళీ ఏ ఆదివారమూ రాలేదు.

మా ఆయన కంప్యూటర్ వైపు నడిచి, మధ్యలో మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచాడు. పెరుగు గిన్నె ఎదురుగానే ఉంది, నిండుగా, మీద మీగడ చెదరకుండా. గిన్నెని చూసి, నన్ను చూసి, "ఉందిగా" అన్నాడు.

"ఉంది. అమ్మాయి నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు" అన్నాను.

అప్పుడు చూశాడు ఆయన, ఆ మూసి ఉన్న తలుపు వంక.